గుంటూరు ఏరియాలో ఆసియా: వినుకొండ వైపు నుంచి ఒక పరిశీలన

సమకాలీన ఆసియా సినిమాపై మన వ్యాసాలు ఎక్కువగా దర్శకుడి పేరుతోనో, చిత్రోత్సవంతోనో మొదలవుతాయి. ‘ఆర్ఆర్ఆర్’ 2022 అక్టోబరులో జపాన్‌లో విడుదలై నెలల తరబడి ఆడితే అది ఆసియా సినిమా చర్చలోకి వచ్చింది. అంతకు దశాబ్దాల ముందే హాంకాంగ్ చిత్రాలు మన చిన్న ఊళ్లకు వచ్చిన సంగతికి ఆ చర్చలో చోటు తక్కువ. అలాంటి ఊళ్లలో వినుకొండ ఒకటి. 2022 ఏప్రిల్‌లో గుంటూరు జిల్లా నుంచి విడిపోయి పల్నాడు జిల్లా ఏర్పడినా, సినిమా వ్యాపారం వినుకొండను నేటికీ పంపిణీ లెక్కల్లో గుంటూరు ఏరియాలోనే చూపుతుంది. ఆసియా సినిమాను అర్థం చేసుకోవడానికి దేశాల సరిహద్దుల కంటే ఇలాంటి పంపిణీ హద్దులే ఎక్కువ పనికొస్తాయని నా వాదన.

దీనికి దారి వేసినవారు సినిమా పరిశోధకుడు ఎస్.వి. శ్రీనివాస్. హాంకాంగ్ యాక్షన్ చిత్రాలు మన బి సర్క్యూట్‌లో, అంటే చిన్న సెంటర్ల హాళ్లలో, ఎలా తిరిగాయో ఆయన 2003లో ‘ఇంటర్ ఏషియా కల్చరల్ స్టడీస్’ పత్రికలో రాశారు. బ్రూస్ లీ 1973లోనే చనిపోయినా ఆయన సినిమాలు ఇక్కడ ఏళ్ల తరబడి ఆడుతూనే ఉన్నాయి. ఆ ప్రభావం తెరమీదికీ వచ్చింది: 1980లలో కరాటే తెలిసిన సుమన్, భానుచందర్ హీరోలుగా నిలదొక్కుకున్నారు. 1999లో ‘తమ్ముడు’ కిక్ బాక్సింగ్‌నూ, 2001లో ‘భద్రాచలం’ తైక్వాండోనూ కథకు కేంద్రం చేసుకున్నాయి. ఇదంతా మద్రాసు ఫైట్ మాస్టర్ల అనుకరణే, ప్రేక్షకుడికి ఇందులో పాత్ర లేదు అనవచ్చు. ఫైట్ మాస్టర్ ఎక్కడ ఏం చూసి నేర్చుకున్నా, ఆ దెబ్బ చూసి నేల టిక్కెట్టువాడు ఈల వేయాలంటే అతని కన్ను అప్పటికే దానికి అలవాటు పడి ఉండాలి. ఆ అలవాటు చిన్న సెంటర్ల హాళ్లలోనే పడింది.

ఇంకా బలమైన అభ్యంతరం ఒకటుంది: వాళ్లు చూసింది ‘కరాటే సినిమా’నే తప్ప ఆసియా సినిమాను కాదు కదా? నిజమే. కానీ 1953లో జపాన్ దర్శకుడు ఓజు తీసిన ‘టోక్యో స్టోరీ’ చూసిన జపాన్ ప్రేక్షకుడు కూడా తన ఇంటి కథనే చూశాడు. ఆసియా అనే చట్రం పరిశోధకుడిది. దాన్ని ఓజుకు వర్తింపజేసి గుంటూరు ఏరియాకు నిరాకరించడం న్యాయం కాదు. అయితే ఇక్కడి ఆధారాలు ఫిల్మ్ ఆర్కైవుల్లో దొరకవు. పంపిణీదారుల డీసీఆర్‌లు (రోజువారీ వసూళ్ల నివేదికలు), పాత దినపత్రికల సినిమా ప్రకటనలు, శివకాశిలో అచ్చయిన పోస్టర్లు వెతకాలి. ప్రింటు బాక్సు వెంట ఊరూరా తిరిగిన రిప్రజెంటేటివ్‌లనూ, ప్రొజెక్టర్ ఆపరేటర్లనూ అడగాలి. డిజిటల్ ప్రొజెక్షన్ రాకతో బాక్సుల కాలం పోయింది, హాళ్లు మూతపడ్డ చోట కాగితాలు చిత్తుకు పోతున్నాయి. అందుకే వినుకొండ, మాచర్ల, నరసరావుపేటలలో ఈ సేకరణ ముందుగా జరగాలి; సిద్ధాంత చర్చ ఆ తర్వాత చేసుకోవచ్చు.