12 నిమిషాల పజిల్, ఒక్క మాట తక్కువ

"రోజంతా ఫోన్‌లో ఆ పజిల్సేంట్రా, అవేమైనా కూడు పెడతాయా?" ఈ మాట మీ ఇంట్లో కూడా వినే ఉంటారు. ఇవాళ పజిల్ వల్ల నిజంగానే ఉద్యోగం వచ్చిన ఒకాయన కథ చెప్తాను. అదీ పోటీలో ఓడిపోయి!

1942 జనవరి, లండన్. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. డైలీ టెలిగ్రాఫ్ పేపర్లో వచ్చే క్రాస్‌వర్డ్, అదే మన గళ్ళ నుడికట్టు, మరీ తేలికైపోయిందని పాఠకులు ఉత్తరాలు రాశారు. సరే, మా ఆఫీసుకొచ్చి 12 నిమిషాల్లో పూర్తి చేసి చూపించండి అని పేపరు వాళ్ళు పోటీ పెట్టారు. స్టాన్లీ సెడ్జ్‌విక్ అనే ఆయన కూడా వెళ్ళాడు. అకౌంటెంట్ల ఆఫీసులో గుమాస్తా, రోజూ రైల్లో క్రాస్‌వర్డ్ నింపుకుంటూ ఉద్యోగానికి వెళ్ళే మనిషి. గంట మోగేసరికి ఆయనకి ఒక్క మాట మిగిలిపోయింది. అంతే, ఓడిపోయాడు.

కొన్ని వారాల తర్వాత ఆయనకి ఒక రహస్య ఉత్తరం వచ్చింది. దేశానికి ముఖ్యమైన పని, ఒకసారి వచ్చి కలవండి అని సైన్యం నుంచి పిలుపు. అలా బ్లెచ్లీ పార్క్ చేరాడు. జర్మన్ల రహస్య సందేశాలు విప్పే చోటు అది. అక్కడ ఈయనకి ఇచ్చిన పని జర్మన్ వాతావరణ కోడ్‌లు. వాతావరణమేగా అని తీసిపారేయకండి. అవే రిపోర్టులు ఎనిగ్మా మెషీన్‌లో కూడా వెళ్ళేవి. ఒకచోట అసలు మాట తెలిస్తే, రెండోచోట తాళంచెవి దొరికినట్టే.

అన్నట్టు, 'ది ఇమిటేషన్ గేమ్' సినిమాలో ఈ పోటీని ట్యూరింగే పెట్టినట్టు, జోన్ క్లార్క్ అందులో గెలిచి వచ్చినట్టు చూపిస్తారు. అది కల్పన. ఆవిడని పిలిచింది కేంబ్రిడ్జ్‌లో ఆవిడకి పాఠం చెప్పిన గోర్డన్ వెల్చ్‌మన్.

సరే, ఒక్క మాట తక్కువైన మనిషిని ఎందుకు పిలిచారు? నాకు అనిపించేదేంటంటే, వాళ్ళకి కావాల్సింది స్పీడ్ ఒక్కటే కాదు. క్రాస్‌వర్డ్‌లో క్లూ పైకి ఒకటి చెప్తుంది, లోపల ఇంకోటి ఉంటుంది. పైపై అర్థాన్ని నమ్మకుండా, విసుక్కోకుండా, మళ్ళీ మళ్ళీ చూసే బుర్ర కావాలి.

ఆ బుర్ర ఎలా పనిచేస్తుందో చూడాలంటే మేవిస్ లీవర్ దగ్గరికి వెళ్ళాలి. ఈమె పోటీ ద్వారా రాలేదు. జర్మన్ భాష చదువుతూ మధ్యలో ఆపి, 1940లో బ్లెచ్లీకి వచ్చింది. వయసు 19. బాస్ డిల్లీ నాక్స్. మన ఢిల్లీ కాదండోయ్, అది ఆయన ముద్దుపేరు.

ఎనిగ్మాలో ఒక లోపం ఉంది. ఏ అక్షరం నొక్కినా అదే అక్షరం బయటికి రాదు. ఎ నొక్కితే ఎ తప్ప ఇంకేదైనా వస్తుంది. ఒకరోజు మేవిస్ ఒక ఇటాలియన్ సందేశం చూస్తోంది. ఏదో తేడాగా ఉంది. అంత పొడుగు సందేశంలో ఎల్ అనే అక్షరం ఒక్కసారి కూడా లేదు! ఎందుకు లేదు? టెస్ట్ మెసేజ్ పంపమంటే, ఆపరేటర్ బద్ధకంగా ఎల్ ఒక్కటే నొక్కుతూ కూర్చున్నాడన్నమాట. అంటే సందేశం మొత్తానికి అసలు పాఠం ఎల్, ఎల్, ఎల్. దాన్ని పట్టుకుని మెషీన్ లోపలి చక్రం వైరింగ్ గుట్టు లాగారు.

ఉన్నవాటిని అందరం చూస్తాం. ఆ పిల్ల లేనిదాన్ని చూసింది. సుడోకు ఆడేవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు.

1941 మార్చిలో ఇటలీ నౌకాదళం బయల్దేరుతోందని ఆ బృందం ముందే పసిగట్టింది. మటపాన్ దగ్గర జరిగిన యుద్ధంలో ఇటలీ 3 పెద్ద క్రూజర్లు, 2 డిస్ట్రాయర్లు పోగొట్టుకుంది. వాటితో పాటు వేలమంది నావికుల్ని కూడా. పజిల్ అంటున్నాం గానీ, అవతలి గడిలో మనుషులున్నారు.

ఇంత చేసి రెజ్యూమేలో రాసుకున్నారా? లేదు. 1970ల దాకా నోరు విప్పకూడదు. యుద్ధంలో ఏం చేశావని ఎవరడిగినా దాటవేయాల్సిందే, ఇంట్లోవాళ్ళు అడిగినా సరే. మేవిస్ తర్వాత పాత తోటల చరిత్ర మీద పని చేసింది. డిల్లీ నాక్స్ జీవితకథ రాసి పుస్తకంగా తెచ్చేసరికి 2009 వచ్చింది.