పెట్టె కూడా ఆధారమే: విశాఖపట్నం దంతపు పని

చారిత్రక ఆధారాలు అనగానే మీకు శాసనాలు, తాళపత్రాలు, ఈస్టిండియా కంపెనీ దస్తావేజులు గుర్తుకు వస్తాయి. ఈ భాగంలో మీరు పరిశీలించబోయేది ఒక చెక్కపెట్టె. ఉత్తరాలు, నగలు, కుట్టుపని సామగ్రి దాచుకోవడానికి 18, 19 శతాబ్దాలలో విశాఖపట్నం పనివారు ఏనుగు దంతంతో అలంకరించి ఇటువంటి పెట్టెలు చేశారు. "పెట్టెలో చరిత్ర ఏముంటుంది సార్?" అని నా తరగతిలో అడిగినవారు లేకపోలేదు.

ఆంగ్లేయులు 1682లో విశాఖపట్నంలో వర్తక స్థావరం నెలకొల్పారు. వారికి ముఖ్యంగా కావలసింది బట్ట. అయితే 1756లో ఇక్కడికి వచ్చిన సైనికాధికారి జాన్ కార్నెయిల్ అద్దకపు గుడ్డలతోపాటు దంతపు పొదుగు పనిని కూడా మెచ్చుకుంటూ రాశాడు. అంటే అప్పటికే ఈ పనికి పేరు వచ్చిందన్నమాట. రేవు పట్టణం కనుక బర్మాలోని పెగూ నుంచి దంతం ఓడలలో వచ్చేది.

ఇప్పుడు పెట్టెను దగ్గరగా చూడండి. తొలి దశలో పనివాడు రోజ్‌వుడ్ లేదా నల్లచేవ పలకలో పువ్వు ఆకారానికి తగినట్లు ఉలితో గుంట తీసి, అదే ఆకారంలో కోసిన దంతపు ముక్కను అందులో పొదిగేవాడు. దంతం మీద సన్నని గీతలు గీసి, వాటిలో నల్లలక్క నింపి నునుపు చేసేవాడు. అంచుల వెంట పాకే ఆ లతలు అద్దకపు గుడ్డల అంచులను తలపిస్తాయి. నేతగాళ్ల, అద్దకందార్ల ఊళ్లో వడ్రంగి కన్ను ఎటు పోతుంది మరి!

18వ శతాబ్దం చివరికి పద్ధతి మారింది. గంధపు చెక్కతో పెట్టె కట్టి, దానిపై పలుచని దంతపు రేకులు పరిచి, చిన్న దంతపు మేకులతో బిగించారు. లతల పక్కన ఇంగ్లాండులోని భవనాల బొమ్మలు చేరాయి. అవి అచ్చుబొమ్మలను చూసి గీసినవి. ఇంటి ఆకారంలో, కప్పే మూతగా ఉండే కుట్టుపెట్టెలు కూడా వచ్చాయి. 19వ శతాబ్దంలో గంధపు చెక్కను ఉబ్బెత్తు గాడులుగా చెక్కి, వాటి వంపులకు సరిపోయేలా కొమ్ము రేకులు తొడిగిన పెట్టెలు కనిపిస్తాయి. నా దృష్టిలో అన్నిటికంటే కష్టమైన పని ఇదే. బల్లపరుపు పలకపై రేకు అతికించడం వేరు, వంపు వెంట కొమ్మును కూర్చోబెట్టడం వేరు.

ఒక అసమానతను మీరు తప్పక గమనించాలి. కొన్ని పెట్టెల మీద కొనుగోలుదారు పేరులోని పొడి అక్షరాలో, వంశచిహ్నమో చెక్కి ఉంటుంది. చేసినవాని పేరు సాధారణంగా ఉండదు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో విశాఖపట్నం పని ఉంది. అక్కడ ఊరి పేరు నిలిచింది, మనిషి పేరు నిలవలేదు. కనుక అతని గురించి తెలుసుకోవాలంటే ఉలి జాడలు, మేకుల వరుస, లక్క గీతల తీరు చదవవలసిందే.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986, 1991లలో చేసిన సవరణలు దంతపు వ్యాపారాన్ని నిషేధించాయి. ఏనుగుల రక్షణకు అది అవసరమైన చర్య. కనుక ఈ అధ్యయనానికి మిగిలినవి పాత వస్తువులే.

అభ్యాసం: మీ ఇంట్లోనో, బంధువుల ఇంట్లోనో పాత చెక్కపెట్టె ఉంటే మూత తెరిచి మూలలు ఎలా కలిపారో, అంచుపట్టీ విడిగా అతికించారో, పలకలోనే చెక్కారో పరిశీలించి ఒక పుట రాయండి. అది ఎవరిదో ఇంట్లోవారు చెబుతారు. ఎవరు చేశారో కూడా అడగండి.