ఆటలయందు గణకుని స్థానము

ఆడువానికిని తీర్పరికిని నడుమ, బల్లయొద్ద వంగి కూర్చుండి పరుగులనో పాయింట్లనో వ్రాసికొనుచుండు మూడవ మనుష్యుని ప్రేక్షకులు గమనింపరు గాని, వాని వృత్తి మిక్కిలి ప్రాచీనమైనది.

కౌటిల్యుని అర్థశాస్త్రమునందు ద్యూతాధ్యక్షుడు జూదమునెల్ల నొక్కచోట నాడించుచు, పాచికలను తానే సమకూర్చి, గెలిచిన సొమ్మునందు నూటికి 5 వంతున గైకొనును. లెక్క చూచువానికే లాభమున పాలుండుట యెంత చిక్కో వేఱుగ చెప్పనక్కఱలేదు. భరతుని నాట్యశాస్త్రము 27వ అధ్యాయమున నీ ముడి విడినది: ప్రయోగముల గుణదోషములను నిర్ణయించువారు ప్రాశ్నికులు, వారికి లేఖకులును గణకులును సహాయులు మాత్రమే. నిర్ణయమునుండి గణనము వేఱుపడిన యీ ఘట్టమే స్కోరరు జన్మస్థానమని నా యభిప్రాయము. ఓడిన పుంజు పాఱిపోవుటయే తీర్పైన కోడిపందెమున కట్టివాని యక్కఱ లేదు.

ఇంగ్లండు క్రికెట్టున మొదట కఱ్ఱపై గంట్లు పెట్టి పరుగు లెంచెడివారు. 1790 నాటికి శామ్యూల్ బ్రిచర్ అను స్కోరరు ఆటల లెక్కలను అచ్చువేయ నారంభించెను. నేటి నిబంధనల ప్రకారము స్కోరర్లు ఇరువురు. అంపైరు చేసిన సైగను వారు అందుకొన్నట్లు తెలిపినగాని, మైదానమునకు ప్రభువైన ఆ అంపైరు సయితము ఆటను సాగనీయరాదు! కబడ్డీయందు సహాయ స్కోరరు ఔటైనవారి వరుసను తప్పక వ్రాయవలెను. ఏలన, మరల బ్రతికి వచ్చువారు ఆ వరుసననే రావలసియుందురు.

ఇక మన సంగారెడ్డి జిల్లా సంగతి: రామచంద్రాపురమున బీహెచ్‌ఈఎల్ కర్మాగారము 1965లో ఉత్పత్తి నారంభించుట, పటాన్‌చెరువున ఇక్రిశాట్ పరిశోధన సంస్థ 1972లో వెలయుట, ఎద్దుమైలారమున ఆయుధ కర్మాగారము 1984లో నెలకొనుట, వీని వెంట కాలనీలును, సెలవునాటి పందెములును వచ్చినవి. అట్టి పందెములలో బ్యాటింగు వంతు రాని యాటగాడే సాధారణముగ స్కోరరు. అనగా కౌటిల్యుని నాటి చిక్కు మరల మొదటికి వచ్చినదన్నమాట. "పరుగొకటి ఎక్కువ కలిపినావన్నా" యను తగవు తీరుటకు ఎదుటి జట్టువాడొకడు ప్రక్కన కూర్చుండి పుస్తకములోనికి తొంగిచూచుచుండును. నిబంధన చదువకయే మనవారు కనిపెట్టిన రెండవ స్కోరరు వాడే. ఇప్పుడు మొబైల్ ఫోనులోని లెక్క ఇరుపక్షములకును బంతిబంతికి కనబడుచుండుటచే, ఈ తగవు తగ్గినది.

కాని పాత స్కోరు పుస్తకములు చెదలపాలగుచున్నవి. ఏ షిఫ్టువారు ఎవరితో ఆడిరో తెలుపు వ్రాత మఱియొకటి లేదు గనుక, కర్మాగారముల క్రీడాసంఘములవారు వానిని తూకమునకు వేయక, సంగారెడ్డి జిల్లా కేంద్ర గ్రంథాలయమునకు అప్పగింతురుగాక.