రైల్వే ఉద్యోగి శ్రమకు కొలమానము

హౌరా నుండి ఖరగ్‌పూరు పోవు మార్గమున, హౌరాకు సుమారు ఏడు కిలోమీటర్ల దూరమున సంత్రాగాఛి జంక్షను గలదు. స్టేషను ప్రక్కనే ఒక పెద్ద చెఱువు. శీతకాలమున వలసపక్షులు వేలకొలది వచ్చి అందు విడిది చేయును. చెఱువున కీవల పట్టాలు, యార్డు, ఎలక్ట్రిక్ లోకో షెడ్డు. పక్షులు విశ్రాంతికై వెదకికొని వచ్చు ఈ చోటనే మనుష్యులు రేయింబవళ్లు మెలకువతో నుండి బండ్లను నడుపవలసియున్నది.

ఇట్టి జంక్షనులో పని యెడతెగనిది. కాని యిటువంటి మార్గములపై నుండు చిన్న స్టేషనులలోను, లెవెల్ క్రాసింగు గేట్లయొద్దను పని యట్లుండదు. బండి వచ్చినపుడు కొన్ని నిమిషముల హడావుడి. పిదప మరల గంట మ్రోగువరకు నిరీక్షణ. ఈ నిరీక్షణ పనియా, విశ్రాంతియా? ప్రశ్న చిన్నదిగా కన్పట్టును. కాని దినమునకు డ్యూటీ ఎనిమిది గంటలా, పండ్రెండు గంటలా అనునది దాని సమాధానమును బట్టియే నిర్ణయింపబడుచు వచ్చినది. అనగా ఒక ఉద్యోగి తన బిడ్డలను మేలుకొని యుండగా చూచుటయు, చూడకుండుటయు ఆ సమాధానముపై ఆధారపడినదన్నమాట.

ఈ చరిత్రతో తెలుగువారికి దగ్గర సంబంధము గలదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడెను. 1900 సంవత్సరమున రూపనారాయణ నదిపై కోలాఘాట్ వంతెన పూర్తియగుటతో ఖరగ్‌పూరు హౌరాతో కలిసెను. 1902లో కటకము నుండి వాల్తేరు వరకు గల తూర్పుతీరపు మార్గము ఆ కంపెనీ వశమయ్యెను. ఆ విధముగా ఉత్తరాంధ్ర గ్రామములకును, హుగ్లీ తీరమునకును ఒకే రైల్వే యజమాని యయ్యెను. శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములనుండి ఖలాసీలు, ఫైర్‌మన్లు, గుమాస్తాలు ఖరగ్‌పూరు చేరిరి. అచ్చటినుండి హౌరా వైపు రైల్వే కాలనీలకును వ్యాపించిరి. 1955 ఆగస్టు 1వ తేదీన ఆగ్నేయ రైల్వే గార్డెన్‌రీచ్ కేంద్రముగా ఏర్పడినపుడు వాల్తేరు దానిలోనిదే. 2003లో తూర్పుతీర రైల్వే వేరగువరకు ఈ బంధము నిలిచియుండెను.

పనిగంటలకు హద్దు ఏర్పరుపవలెనన్న ఆలోచన మొదటి ప్రపంచయుద్ధానంతరము బలపడెను. 1919లో వాషింగ్టన్ నగరమున జరిగిన అంతర్జాతీయ కార్మిక మహాసభ చేసిన పనిగంటల ఒడంబడికను భారతదేశము 1921లో ఆమోదించెను. దానిని రైల్వేలకు అన్వయించుటకు 1930లో రైల్వే చట్టము సవరింపబడి, 1931లో నియమావళి వెలువడెను. ఎడతెగని పని గలవారికి వారమునకు 60 గంటలు, నడుమ నడుమ విరామము గలవారికి 84 గంటలు పరిమితిగా నిర్ణయింపబడెను. ఎనుబది నాలుగు గంటలనగా దినమునకు పండ్రెండు గంటల చొప్పున ఏడు దినములు. విరామము గల పని యనిపించుకొన్నవానికి వారములో సెలవుదినమే మిగులని లెక్క యది.

ఆ దశాబ్దమున రైల్వే కార్మికోద్యమమునకు నాయకత్వము వహించినవారిలో బరంపురమున జన్మించిన వరాహగిరి వెంకటగిరి ముఖ్యులు. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సంఘమును ఆయన నడపిరి. 1927లో ఖరగ్‌పూరు సమ్మెలతో మార్మ్రోగుచుండెను. ఆ సంవత్సరమే ఆయన జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక మహాసభకు భారత కార్మికుల ప్రతినిధిగా వెళ్లిరి. పట్టాల ప్రక్కన పనిచేయువాని కష్టము అంతర్జాతీయ వేదికలపై చర్చింపదగిన విషయమని లోకము గుర్తించుచున్న కాలమది.

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన వెనుక రైల్వే ఉద్యోగుల అసంతృప్తి తీవ్రమయ్యెను. 1946లో ప్రభుత్వము బొంబాయి హైకోర్టు న్యాయమూర్తి జి. ఎస్. రాజాధ్యక్షను తీర్పరిగా నియమించెను. 1947లో ఆయన యిచ్చిన తీర్పు ఉద్యోగములను నాలుగు శ్రేణులుగా విభజించినది. అవి ఇంటెన్సివ్, కంటిన్యువస్, ఎసెన్షియల్లీ ఇంటర్మిటెంట్, ఎక్స్‌క్లూడెడ్ అనునవి. మొదటి శ్రేణికి వారమునకు 45 గంటలు, రెండవదానికి 54, మూడవదానికి 75 గంటలు హద్దుగా పెట్టబడెను. 1969లో నియమింపబడిన న్యాయమూర్తి మియాభాయ్ ట్రిబ్యునలు 1972లో నివేదిక నొసగిన పిమ్మట, నియమములలో మొదటి శ్రేణికి 42, రెండవ శ్రేణికి 48 గంటలు ప్రమాణమయ్యెను.

ఇందు గమనింపదగినది గంటల తగ్గింపు మాత్రమే కాదు. ఇంటెన్సివ్ శ్రేణి యేర్పడుటతో, కండలతో చేయు పని యొక్కటియే పని గాదనియు, ఎడతెగని ఏకాగ్రతయు శ్రమయే యనియు నియమావళి అంగీకరించినది. గునపము పట్టనివాడును అలసిపోవునని ప్రభుత్వము కాగితముపై ఒప్పుకొన్నది.

అయితే ఏ ఉద్యోగము ఏ శ్రేణికి చెందునో తేల్చుటెట్లు? అందులకు జాబ్ ఎనాలిసిస్ అను పద్ధతి ఏర్పడెను. ఉద్యోగి చేయు ప్రతి పనిని, దానికి పట్టిన కాలమును నిమిషములతో సహా వ్రాసికొనుట దాని సారము. 1989 నాటి రైల్వేల చట్టమున 130వ సెక్షను మూడవ శ్రేణిని ఇట్లు నిర్వచించినది: వరుసగా 72 గంటల సగటున, పండ్రెండు గంటల డ్యూటీలో సగమో అంతకు మించియో నిష్క్రియాకాలముండవలెను. అందు ఒక గంటకు తక్కువగాని విరామమొకటి గాని, అరగంటకు తక్కువగాని విరామములు రెండు గాని యుండవలెను. ఆ కాలమున ఉద్యోగి డ్యూటీలో నున్నను, శారీరక వ్యాపారము గాని నిలుకడయైన అవధానము గాని చూపవలసిన అవసరముండరాదు.

లెక్కకొఱకు ఒక గేటును ఊహించుకొనవచ్చును. పండ్రెండు గంటలలో 18 బండ్లు పోవును. ఒక్కొక్క బండికి గేటు వేసి తీయుటకు 10 నిమిషములు. మొత్తము 180 నిమిషములు, అనగా మూడు గంటలు. మిగిలిన తొమ్మిది గంటలు నిష్క్రియాకాలము! గడియారము చెప్పిన లెక్కలో తప్పు లేదు. కాని ఆ తొమ్మిది గంటలలో గేటుమన్ నిద్రింపవచ్చునా? ఫోను మ్రోగిన తక్షణమే బదులు పలుకకుండవచ్చునా? బండి ఆలస్యమైనచో గేటు తీయుమని అరచు లారీవానికి సమాధానము చెప్పవలసినదెవరు? పొరపాటు జరిగినచో బాధ్యుడెవరు? నిరీక్షించుట వేఱు, విశ్రమించుట వేఱు. ఇంటిలో రోగియొద్ద రాత్రియంతయు కూర్చున్నవారికి ఈ భేదము తెలియును. చేతులకు పని లేకున్నను తెల్లవారుసరికి దేహము డస్సియుండును.

లోకోలను నడుపువారి విషయమున ఈ వివాదము వీధికెక్కెను. డ్యూటీకి సంతకము చేసినప్పటినుండి విడుదలయగువరకు గడచిన కాలమంతయు లెక్కకు రావలెనని వారు కోరిరి. 1973 సమ్మెల పిదప పది గంటల హద్దును ప్రభుత్వము ప్రకటించెను. 1974 మే 8వ తేదీన ఆరంభమై సుమారు ఇరువది దినములు సాగిన అఖిల భారత రైల్వే సమ్మెలో ఎనిమిది గంటల పనిదినము ప్రధానమైన కోర్కెలలో ఒకటి. అప్పుడు రాష్ట్రపతి పదవిలో నున్నది, ఒకనాటి రైల్వే కార్మిక నాయకుడైన ఆ వెంకటగిరియే. చరిత్ర ఇట్టి విచిత్రములను వ్యాఖ్యానము లేకయే చూపుచుండును.

గడియారమునకు అందని భాగమును కొలుచుటకు మనస్తత్వశాస్త్రజ్ఞులు మఱియొక మార్గము త్రొక్కిరి. అది ఉద్యోగినే అడుగుట. 1967లో అమెరికా వైద్యులు హోమ్స్, రాహే జీవితమందలి 43 మార్పులకు భారమును అంకెలలో కట్టిరి. జీవిత భాగస్వామి మరణమునకు 100 అయినచో, పై అధికారితో తగవునకు 23, పనివేళల మార్పునకు 20. పిమ్మట 1981లో లాజరస్ బృందము పెద్ద విపత్తులకంటె నిత్యము ఎదురగు చిన్న చికాకులే మనస్సును ఎక్కువ కృశింపజేయునని చూపినది. 1979లోనే కారసెక్ అను పండితుడు మఱియొక సూత్రము చెప్పియుండెను: పని ఒత్తిడి ఎక్కువయై, దానిపై ఉద్యోగికి గల స్వాతంత్ర్యము తక్కువైనప్పుడు మనస్సుపై భారము మిక్కుటమగును. గేటుమన్ స్థితికి ఈ సూత్రము చక్కగా సరిపోవును. బండి ఎప్పుడు వచ్చునో నిర్ణయించువాడు ఆతడు కాడు. వచ్చినప్పుడు తప్పరానివాడు మాత్రము ఆతడే.

భారతదేశమునను ఇట్టి కృషి జరిగినది. 1981లో శ్రీవాస్తవ, సింగ్ అను విద్వాంసులు వృత్తిసంబంధమైన ఒత్తిడికి ఒక సూచికను కూర్చిరి. అందు 46 వాక్యములు. ఒక్కొక్కదానికి అయిదంచెల సమాధానము. పని బరువు, బాధ్యతలలో అస్పష్టత, అధికారలేమి, తోటివారితో పొసగమి మొదలగు పండ్రెండు ముఖములనుండి ఉద్యోగి అనుభవమును అది కొలుచును. మొత్తము 46కు తగ్గదు, 230కి మించదు. ఇందు ఎన్ని నిమిషములు కదలితివని కాక, నీ పని నీకెట్లున్నదని అడుగుటయే విశేషము.

రైల్వేలును మనస్తత్వశాస్త్రమును విడిచిపెట్టలేదు. రైలు ప్రమాదములను విచారించిన కుంజ్రూ సంఘము సూచనపై 1964లో సైకో-టెక్నికల్ విభాగము నెలకొల్పబడెను. స్టేషను మాస్టరు, డ్రైవరు మొదలగు భద్రతా ఉద్యోగములకు తగినవారిని పరీక్షించి యెంచుట దాని ముఖ్యకార్యము. అది మేలైన పనియే. కాని మనిషి పనికి తగినవాడా యని చూచుట ఒకటి. పని మనిషికి తగినదిగా నున్నదా యని చూచుట మఱియొకటి. మొదటిది రెండవదానికి బదులు కాజాలదు.

ప్రశ్నావళికిని లోపములు లేకపోలేదు. తన సమాధానము ఎవరి బల్లపైకి పోవునోయని శంకించువాడు కష్టమును దాచును. గంటలు తగ్గునని ఆశించువాడు కొంత పెంచియు చెప్పును. అలవాటు పడినవాడు తన అలసటను తానే గుర్తింపడు. కావున గడియారమును పారవేయుట తగదు. గంటలకు హద్దు లేనినాడు ఎంతటి సానుభూతియు ఉద్యోగిని రక్షింపలేకపోయెను. కాని పేరు వెల్లడికాదను హామీతో ఉద్యోగి మాటను గూడ వినినప్పుడే కొలత సంపూర్ణమగును.

నేడు పెక్కు స్టేషనులలో లెవర్లు లాగు క్యాబిన్ల స్థానమున పానెళ్లు, కంప్యూటరు తెరలు వెలసినవి. చేతుల పని తగ్గినది. కన్నుల పని, మనస్సు పని పెరిగినవి. కదలికను మాత్రమే లెక్కించు కొలబద్దకు ఈ ఉద్యోగి యొక్క శ్రమ మునుపటికంటె తక్కువగా కన్పట్టు ప్రమాదము గలదు. నిలుకడయైన అవధానము అను మాట చట్టములో ముందే యున్నది. ఆ అవధానము ఎంత భారమో చెప్పగలవాడు దానిని రాత్రియంతయు మోసినవాడే.