గడ్డపార నుంచి గాలి గన్ను దాకా

భివండీలో ఉండే మా మేనల్లుడు టైర్ల దుకాణం పెడుతున్నాడు. "ఇంపాక్ట్ గన్ను కొనాలె మామా, ఏది కొంటే ఎక్కువ రోజులు నడుస్తది?" అని పోయిన వారం ఫోన్ చేసి అడిగిండు. జవాబు చెప్పబోతే అది మా ఇంటి చరిత్రే అయింది. అందుకే ఇక్కడ రాస్తున్నాం. సూరత్, షోలాపూర్, పూణేల్లో గ్యారేజీ పని చేసే మనవాళ్ళకూ పనికొస్తుంది.

ముంబైలో మన బతుకు పనిముట్టుతోనే మొదలైంది. 18వ శతాబ్దం చివర హార్న్‌బీ వెల్లార్డ్ అనే కట్ట కట్టి సముద్రపు నీళ్ళను ఆపినాక, ఆ పల్లపు నేల మెల్లగా ఆరి ఇళ్ళకు పనికొచ్చింది. నిజాం ఇలాకా నుంచి వచ్చిన తెలుగు కూలీలు అక్కడ దిగారు. వాళ్ళను కామాఠీలు అన్నారు, ఆ వాడకు కామాఠిపురా అని పేరు పడింది. ఇవాళ ఆ పేరు వింటే జనం ఇంకేదో అనుకుంటారు గానీ, అది రాళ్ళు మోసి గోడలు కట్టినవాళ్ళ పేరు. మా పెద్దలు పాలమూరు వైపు నుంచి గడ్డపార, పార, తట్ట పట్టుకొని వచ్చారని ఇంట్లో చెప్పుకుంటారు. గడ్డపార మొన అరిగితే కమ్మరి కాల్చి సాగగొట్టేవాడు. నడుము అరిగితే సాగగొట్టేవాడు లేడు.

తాత బట్టల మిల్లులో చేరాడు. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో మిల్లుల సమ్మె మొదలైంది. తాతకు మళ్ళీ ఆ పని దొరకలేదు. నాయిన బడి మానేసి గ్రాంట్ రోడ్డు దగ్గర ఒక టాక్సీ మేస్త్రీ కింద చేరిండు. అప్పట్లో ముంబై టాక్సీ అంటే కుర్లాలో తయారైన ప్రీమియర్ పద్మినే. తర్వాత ధారావిలో సొంత షెడ్డు వేసుకొని, ఖోలీ కూడా అక్కడికే మార్చిండు.

వానకు తుప్పు పట్టిన వీల్ నట్టు ఊరికే రాదు. పానాకు నాలుగడుగుల పైపు తొడిగి, దాని మీద ఎక్కి నిలబడి తొక్కేవాడు నాయిన. పైపు జారిందంటే మనిషి కింద. నలభై ఏళ్ళకే నడుముకు పట్టీ వచ్చింది.

అప్పుడే మొదటి గన్ను కొన్నాం, అగ్గువకు దొరికిందని. రెండో వానాకాలానికే అది బిగుసుకుపోయింది. లోపలి రేకులు మార్పిద్దామంటే ఆ రకానికి సామాను ఎక్కడా లేదు. నాయిన మళ్ళీ పైపు ఎక్కిండు. ఆ ఏడే నడుము పూర్తిగా పట్టేసి రెండు నెలలు మంచం మీదున్నడు. అమ్మ చిట్టీ పాడి, నష్టానికి ఎత్తి, రెండో గన్ను కొనిపించింది. అది ఇప్పటికీ నడుస్తోంది. రెంటికీ తేడా ఏమిటో అప్పుడు తెలుసుకున్నాం.

గన్ను లోపల సంగతి కమ్మరి కొలిమికి దూరమేమీ కాదు. గాలి వచ్చి రేకులను తోస్తే ఇరుసు తిరుగుతుంది. నట్టు మొరాయిస్తే సుత్తి వంటి ముక్క దాగలి వంటి ముక్కను నిమిషానికి వెయ్యికి పైగా దెబ్బలు కొడుతుంది. ఆ దెబ్బ నట్టుకు పోతుంది, మన నడుముకు రాదు. రెండు సుత్తులు ఎదురెదురుగా కొట్టే రకం బరువు సమంగా ఉండి ఎక్కువ కాలం మన్నుతుంది. కార్లకు అరంగుళం గన్ను చాలు, లారీలకు ఒకంగుళంది కావాలి.

పెట్టె మీద పెద్దగా రాసే నంబరు చూసి మోసపోవద్దు. అది చాలాసార్లు విప్పేటప్పటి బలం. కారు వీల్ నట్టుకు సుమారు 100 న్యూటన్ మీటర్ల బిగువు సరిపోతుంది. కాబట్టి విప్పడం గన్నుతో, చివరి బిగింపు టార్క్ రెంచ్‌తో. ఒకసారి గన్నుతోనే బిగించి మేమే ఒక టాక్సీ స్టడ్డు విరగ్గొట్టాం, ఆ ఖర్చు మేమే పెట్టుకున్నాం.

కొనేముందు దుకాణంలో అడగాల్సింది ఒక్కటే: రేకులు, సుత్తి, బేరింగులు విడిగా దొరుకుతాయా? ముంబైలో పనిముట్ల బజారు అంటే నాగ్‌దేవి వీధే. అక్కడ సామాను దొరికే గన్నే కొను, కొంచెం పిరమైనా సరే. మామూలు సాకెట్లు తొడగొద్దు, దెబ్బలకు పగిలి ముఖానికి ఎగురుతాయి. నల్లగా ఉండే ఇంపాక్ట్ సాకెట్లే వాడాలి.

ఇక మన్నిక సగం గాలిలో ఉంది. ముంబై వానాకాలంలో కంప్రెసర్ గాలితోపాటు నీళ్ళనూ తోస్తుంది. మా మొదటి గన్నును చంపింది అదే. ఆడలేక మద్దెల ఓడన్నట్టు గన్నును తిట్టాం గానీ, ట్యాంకు నీళ్ళు మేము ఏనాడూ వదలలేదు. ఇప్పుడు రోజూ సాయంత్రం ట్యాంకు నీళ్ళు వదులుతాం. లైనులో నీళ్ళు పట్టే ఫిల్టరు పెట్టాం. పొద్దున పని మొదలుపెట్టేముందు గాలి మూతిలో నాలుగు చుక్కల ఎయిర్ టూల్ నూనె వేస్తాం. పైపు సన్నగా, పొడుగ్గా ఉంటే గన్ను దగ్గర బలం పడిపోతుంది. ట్రిగ్గర్ నొక్కి ఉన్నప్పుడు కూడా గన్ను దగ్గర 90 పీఎస్ఐ ఉండాలి.

ఒక మాట మాకు ఎవరూ చెప్పలేదు. రెండో గన్ను నాయిన నడుమును కాపాడింది, చెవులను తీసుకుంది. రేకుల షెడ్డులో ఇరవై ఏళ్ళు ఆ మోత విన్నడు. ఇప్పుడు మనవరాలు పిలిస్తే పలకడు. ఆ పిల్ల పోయి చెయ్యి పట్టి గుంజాలె. చెవులకు పెట్టుకునే మఫ్స్ గన్ను ధరలో చాలా చిన్న వంతు. గన్నుతోపాటే అవీ కొను, పక్కన పని చేసే పిల్లవాడికి కూడా ఒక జత.

దసరాకు రా బిడ్డా. అందరం కలిసి నాగ్‌దేవి పోదాం. నాయిన కూడా వస్తానంటున్నడు, గన్ను చేతిలో పట్టి చూసి చెప్తడు. నువ్వు అడిగేది మాత్రం కొంచెం గట్టిగా అడుగు.