శునకాలకు సోకే పిడుదు జ్వరాలు: ఢిల్లీ పరిసరాల్లో లక్షణాలు, నిర్ధారణ, నివారణ

పిడుదులు (గోమార్లు) శునకాలకు సంక్రమింపజేసే రక్తవ్యాధులను ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్ ప్రాంతాల్లో ‘టిక్ ఫీవర్’ అనే ఒకే పేరుతో వ్యవహరిస్తారు. వాస్తవానికి ఇది ఒకే వ్యాధి కాదు. జ్వరం, ఆహారంపై అయిష్టత, నీరసం, పాలిపోయిన చిగుళ్లు వీటికి సాధారణ లక్షణాలే అయినా, కారకాలు వేరు, చికిత్స వేరు.

బేబీసియా అనే ఏకకణ పరాన్నజీవి ఎర్ర రక్తకణాల్లో చేరి వాటిని ఛిద్రం చేస్తుంది. ఫలితంగా రక్తహీనత, కామెర్లు, ముదురు రంగు మూత్రం కనిపిస్తాయి. ఎర్లీషియా కానిస్ తెల్ల రక్తకణాల్లో నివసించే బ్యాక్టీరియా. వైద్యశాలల్లో దీనినీ ‘రక్త పరాన్నజీవి’ పరీక్షల్లోనే చేర్చడం ఆనవాయితీ. ఇది సోకితే ప్లేట్‌లెట్లు తగ్గి ముక్కు నుంచి రక్తం కారవచ్చు. దీర్ఘకాలిక దశలో ఎముక మజ్జ దెబ్బతింటుంది. హెపటోజూన్ కానిస్ తీరు విచిత్రం. ఇది కాటు వల్ల కాక, శునకం తన ఒంటిపై ఉన్న పిడుదును కొరికి మింగడం వల్ల వ్యాపిస్తుంది.

బేబీసియా గిబ్సోనీ అనే జాతిని శాస్త్రలోకానికి పరిచయం చేసింది మద్రాసు. అక్కడి వేటకుక్కల రక్తంలోనూ, ఆ తరువాత నక్కల్లోనూ దీనిని గుర్తించినట్లు డబ్ల్యూ.ఎస్. ప్యాటన్ 1910లో ప్రకటించారు.

ఢిల్లీ, ముంబయి, సిక్కిం, లద్దాఖ్‌లలోని 525 వీధి కుక్కల రక్తాన్ని పరీక్షించిన అధ్యయనం 2011లో వెలువడింది. సూక్ష్మదర్శినితో చూసినప్పుడు కేవలం 12 నమూనాల్లో, అంటే 2.3 శాతంలో, హెపటోజూన్ మాత్రమే కనిపించింది. అవే నమూనాలకు పీసీఆర్ పరీక్ష జరపగా 261 శునకాల్లో ఏదో ఒక వ్యాధికారకం బయటపడింది. హెపటోజూన్ 30 శాతం, ఎర్లీషియా 20.6 శాతం శునకాల్లో ఉంది. రక్తపు పూతలో ఏమీ కనిపించనంత మాత్రాన వ్యాధి లేదని భావించరాదనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు. ఆ కుక్కల్లో సగానికి పైగా పిడుదులు ఉన్నాయి.

నగరాల్లో ప్రధాన వాహకం గోధుమ రంగు కుక్క పిడుదు. ఇతర పిడుదుల వలె పచ్చిక బయళ్లకే పరిమితం కాక, ఇళ్లలోనూ, కుక్కల గూళ్లలోనూ తరతరాలుగా వర్ధిల్లగలగడం దీని ప్రత్యేకత. రక్తం తాగిన ప్రతి దశలోనూ ఇది కిందికి రాలి గోడ పగుళ్లలో, మంచాల కింద దాగుతుంది. ఒక ఆడ పిడుదు వేల సంఖ్యలో గుడ్లు పెడుతుంది. చలికాలంలో ఆరుబయట వీటి సంచారం మందగించినా, వెచ్చని అపార్ట్‌మెంట్లలో ముప్పు తొలగదు. శునకానికి మందు వేసి ఇంటిని వదిలేయడం సగం చికిత్సే.

ఎర్లీషియాకు డాక్సీసైక్లిన్‌ను సాధారణంగా 4 వారాలు వాడతారు. జ్వరం తగ్గగానే మధ్యలో ఆపడం ప్రమాదకరం. బేబీసియా వోగెలీకి ఇమిడోకార్బ్ ఇంజెక్షన్ పనిచేస్తుంది. గిబ్సోనీ దానికి తేలికగా లొంగదు కనుక అటోవాక్వోన్, అజిత్రోమైసిన్‌లను కలిపి ఇస్తారు. అందుకే కారకం తేలకుండా సొంత వైద్యం తగదు.

ఢిల్లీ పరిసరాల్లోని వీధి కుక్కలకు సంతాన నిరోధక శస్త్రచికిత్స చేసి, నులిపురుగుల మందు, టీకా ఇచ్చిన తరువాత, రేబిస్ అనుమానం ఉన్నవి, దూకుడుగా ప్రవర్తించేవి మినహా మిగిలిన వాటిని పట్టుకున్న చోటే విడిచిపెట్టాలని సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న ఆదేశించింది. నులిపురుగుల మందు సాధారణంగా పేగుల్లోని పురుగులకు ఉద్దేశించినదే తప్ప, రక్తంలోని బేబీసియాకు గానీ ఎర్లీషియాకు గానీ విరుగుడు కాదు. అనేక కుక్కలను ఒకేచోట ఉంచే కేంద్రాల్లో పిడుదుల నివారణ మందులు, గోడల పగుళ్లను పూడ్చడం వేరుగా చేపట్టాల్సిన పనులు.

పైకి ఆరోగ్యంగా కనిపించే శునకం కూడా ఈ క్రిములను మోస్తూ ఉండవచ్చు. కాబట్టి తీవ్ర రక్తహీనతతో ఉన్న కుక్కకు మరో కుక్క రక్తం ఎక్కించే ముందు, దాత రక్తాన్ని పీసీఆర్‌తో పరీక్షించడం అవసరం.