కొత్తగా హెవీ లైసెన్స్ వచ్చిందా? తొలి లారీ ఎక్కేముందు ఓనర్‌ను ఇవి అడగాల్సిందే!

చేతికి హెవీ లైసెన్స్ వచ్చింది. ఆటోనగర్‌లో తెలిసినవాళ్లు రెండు మూడు చోట్ల మాట పెట్టారు. ఒక ఓనర్ జీతం ఎక్కువ ఇస్తానంటున్నాడు. ఇంకొకాయన చేరకముందే చేతిలో అడ్వాన్స్ పెడతానంటున్నాడు. కొత్త డ్రైవర్లు చాలామంది తొందరపడేది ఇక్కడే. జీతం ఎంతో అడుగుతారు, స్టీరింగ్ పట్టేస్తారు. కానీ దారిలో ఏదైనా తేడా వస్తే ఆ ఖర్చు ఎవరిది, ఆ కేసు ఎవరు చూసుకుంటారు అన్నది మాత్రం అడగరు. తొలి కంపెనీ మంచిదా కాదా అన్నది తేలేది ఆ రోజే.

లైసెన్స్‌కు తగ్గ బండేనా?

రవాణా వాహనం నడపాలంటే 20 ఏళ్లు నిండాలి. ఎల్ఎంవీ లైసెన్స్ తీసుకుని ఏడాది అయ్యాకే ట్రాన్స్‌పోర్ట్ బండికి లెర్నర్ లైసెన్స్ ఇస్తారు. 7,500 కిలోల లోపు సరుకు బండ్లకు ఎల్ఎంవీ లైసెన్స్ సరిపోతుందని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. కాబట్టి చిన్న బండితో చెయ్యి తిప్పుకుని, తర్వాత పెద్ద లారీకి మారే దారి కూడా ఉంది. పెట్రోల్, గ్యాస్ ట్యాంకర్ల సంగతి వేరు. వాటికి ప్రత్యేక శిక్షణ తీసుకుని, లైసెన్స్‌పై ఎండార్స్‌మెంట్ వేయించుకోవాలి. "ఏం కాదులే, ఎక్కెయ్" అనే ఓనర్ దగ్గర మొదటి రోజే వెనక్కి తగ్గడం మంచిది.

జీతం లెక్క ఇలా చూడాలి

లారీ ఫీల్డ్‌లో డబ్బు ఒకేలా రాదు. కొందరు నెల జీతంతో పాటు రోజు బత్తా ఇస్తారు. కొందరు ట్రిప్పుకు ఇంత అంటారు. ఇంకొందరు కిరాయిలో వాటా లెక్కేస్తారు. ఉదాహరణకు ఒకచోట నెలకు 18,000 జీతం, రోడ్డు మీదున్న రోజుకు 300 బత్తా అన్నారనుకుంటే, 24 రోజులు తిరిగితే 25,200 వస్తుంది. మరోచోట ట్రిప్పుకు 6,000, నెలకు ఐదు ట్రిప్పులు అన్నారు. వినడానికి 30,000. కానీ ఫ్యాక్టరీ గేటు దగ్గరో, పోర్టు బయటో అన్‌లోడ్ కోసం రోజుల తరబడి ఆగితే ట్రిప్పులు మూడే అవుతాయి. అప్పుడు చేతికొచ్చేది 18,000 మాత్రమే. అందుకే బండి ఆగిన రోజుకు బత్తా ఉందా లేదా అన్నది ముందే తేల్చుకోవాలి.

డీజిల్ మైలేజ్ లెక్క కూడా అడగాలి. లీటరుకు ఇన్ని కిలోమీటర్లు రావాలని ఓనర్ ముందే చెబుతాడు. మిగిలితే డ్రైవర్‌కు, తగ్గితే జీతంలో కోత అనే పద్ధతి చాలాచోట్ల ఉంది. ఆ లెక్క ఖాళీ బండికా, లోడు బండికా? ఘాట్ రోడ్డుకు తేడా ఇస్తారా? టైరు పేలితే, సరుకు తడిస్తే, హమాలీ ఎక్కువ అడిగితే ఎవరు పెట్టుకోవాలి? కొత్త డ్రైవర్ జీతం కరిగిపోయేది ఎక్కువగా ఇలాంటి కోతల్లోనే.

అడ్వాన్స్ ఇస్తామంటే..

చేరేముందు ఇచ్చే అడ్వాన్స్ సాయంలాగే కనిపిస్తుంది. అది తీరేదాకా బండి దిగడానికి ఉండదు. ఖర్చులు, కోతలు అందులోనే కలుపుకుంటూ పోతే అప్పు తరగదు సరికదా, పెరుగుతుంది. తప్పనిసరై తీసుకుంటే నెలకు ఎంత పట్టుకుంటారో రాయించుకోవాలి. ఖాళీ చెక్కు, సంతకం పెట్టిన ఖాళీ ప్రామిసరీ నోటు ఎవరికీ ఇవ్వకూడదు. ఒరిజినల్ లైసెన్స్ ఓనర్ దగ్గర పెట్టాల్సిన పనిలేదు. జిరాక్స్ ఇస్తే చాలు. జీతం బ్యాంకు ఖాతాలోనో, ఫోన్‌పేలోనో పడేలా చూసుకుంటే రేపు గొడవ వచ్చినా ఆధారం ఉంటుంది.

బండి కాగితాలు ఫోన్‌లోనే చూడొచ్చు

ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబర్ కొడితే ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్ గడువు తెలుస్తుంది. ఈ-చలానా వెబ్‌సైట్‌లో పెండింగ్ చలానాలు కనిపిస్తాయి. సరుకు బండికి ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. అది అయిపోయిన లారీకి బ్రేకులు ఎలా ఉంటాయో ఊహించుకోవచ్చు. ఒకే బండిపై ఓవర్‌లోడ్ చలానాలు వరసగా ఉంటే ఆ ఓనర్ పద్ధతి ఏంటో అర్థమైపోతుంది.

ఓవర్‌లోడ్ విషయంలో కొత్తవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. అది ఓనర్ తలనొప్పి అనుకుంటారు. కేంద్ర మోటారు వాహన చట్టం ప్రకారం ఓవర్‌లోడ్‌కు జరిమానా 20,000 రూపాయలు, ఆపైన అదనపు టన్నుకు 2,000. అదనపు సరుకు దించే ఖర్చు వేరే. నడిపించినవారితో పాటు నడిపినవారు కూడా దీనికి బాధ్యులే. కాబట్టి కాటా చీటీ చేతికి వచ్చాకే బండి కదపాలి.

ప్రమాదం జరిగితే ఎవరు నిలబడతారు?

అన్నిటికంటే పెద్ద ప్రశ్న ఇదే. నిర్లక్ష్యంగా నడిపి మనిషి ప్రాణం పోయిందని తేలితే భారతీయ న్యాయ సంహితలోని 106వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు జైలు శిక్ష పడొచ్చు. ఆ కేసు డ్రైవర్ పేరు మీదే ఉంటుంది. వకీలును ఎవరు పెడతారు? బెయిల్ ఖర్చు ఎవరిది? బండి స్టేషన్‌లో ఉన్నన్నాళ్లు జీతం ఇస్తారా? వీటికి "అప్పుడు చూద్దాంలే" అని జవాబు వస్తే ఆలోచించుకోవాల్సిందే.

ఇన్సూరెన్స్‌లో ఇంకో మెలిక ఉంది. పాలసీలో కనిపించే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా బండి ఓనర్‌కు వర్తించేది. జీతానికి నడిపే డ్రైవర్‌కు అది రాదు. అందుకే పాలసీ కాగితంలో పెయిడ్ డ్రైవర్ పేరుతో ప్రీమియం కట్టారో లేదో చూడాలి. ఈఎస్ఐ, పీఎఫ్ గురించి కూడా అడగాలి. 20 మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే సంస్థలకు పీఎఫ్ వర్తిస్తుంది. జీతంలో పీఎఫ్ పట్టుకుంటున్నామని చెబితే యూఏఎన్ నంబర్ అడిగి, పాస్‌బుక్‌లో జమ అవుతోందో లేదో చూసుకోవాలి.

నిద్ర లేని ట్రిప్పులు వద్దు

1961 నాటి మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టమే రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పని అని చెప్పింది. ఐదు గంటలు నడిపితే కనీసం అరగంట విరామం ఇవ్వాలంది. దూర ప్రయాణాలకు అనుమతితో పెంచినా రోజుకు 10 గంటలు దాటకూడదంది. కొత్త కార్మిక కోడ్‌లలోనూ 8 గంటల పని, అదనపు పనికి రెట్టింపు వేతనం అన్నవి ఉన్నాయి. రోడ్డు మీద మాత్రం సరుకును బట్టి ఒత్తిడి మారుతుంది. కైకలూరు, ఆకివీడు వైపు నుంచి ఐస్‌లో పెట్టిన చేపలు కోల్‌కతా వైపు వెళ్లే లారీకి ప్రతి గంటా లెక్కే. సిమెంటు లోడుకు అంత తొందర ఉండదు. కొత్త చెయ్యి అయితే మొదటి ఆరు నెలలు తెలిసిన రూటు, తొందర లేని సరుకు ఎంచుకోవడం మేలు. ఒకట్రెండు నెలలు సీనియర్ పక్కన సెకండ్ డ్రైవర్‌గా పంపే కంపెనీ అయితే జీతం కొంచెం తగ్గినా నష్టం లేదు. ఇప్పుడు కొత్తగా తయారయ్యే పెద్ద లారీల్లో ఏసీ క్యాబిన్ తప్పనిసరి. ఎండాకాలం రూట్లలో ఇది కూడా చూసుకోదగ్గదే.

అసలు నిజం చెప్పేది డ్రైవర్లే

ఆఫీసులో ఓనర్ చెప్పేది ఒకటైతే, పార్కింగ్‌లో డ్రైవర్లు చెప్పేది ఇంకోటి. అదే కంపెనీ బండి దాబా దగ్గర ఆగినప్పుడు టీ తాగుతూ మూడు మాటలు అడిగితే చాలు.

* "ఎన్నాళ్లుగా చేస్తున్నావ్ అన్నా?"
* "పోయిన నెల జీతం ఎప్పుడు వేశారు?"
* "మొన్న బండికి దెబ్బ తగిలినప్పుడు ఓనర్ వచ్చాడా, ఫోన్ ఎత్తాడా?"

మూడో ప్రశ్నకు వచ్చే జవాబే ముఖ్యం. అర్ధరాత్రి హైవే మీద బండి ఆగిపోతే ఫోన్ ఎత్తే ఓనర్ దగ్గర రెండు వేలు తక్కువైనా చేరొచ్చు. ఫోన్ ఎత్తని ఓనర్ దగ్గర ఆ రెండు వేలు ఒక్క టైరు పంక్చర్లకే పోతాయి.